పద్నాలుగు రోజుల గడువు: బాస్కెట్‌బాల్‌ను తయారుచేసిన మాస్టారు కథ



మీ అబ్బాయో, అమ్మాయో ఈ మధ్య బాస్కెట్‌బాల్ కొనిపెట్టమని అడుగుతున్నారా? అయితే ఈ నెల ఈ పేజీ మీ కోసమే. ఏ సైజు బంతి కొనాలి, ఇంటి దగ్గర ఎలా మొదలుపెట్టాలి అన్నది చివర్లో చెప్పుకుందాం. ముందు ఈ ఆటను తయారుచేసిన మనిషి గురించి రెండు నిమిషాలు చదవండి. వీలైతే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

మన కబడ్డీ, ఖోఖో ఎప్పుడు పుట్టాయో, ఎవరు మొదలుపెట్టారో చెప్పలేం. బాస్కెట్‌బాల్ సంగతి అలా కాదు. దానికి పుట్టిన తేదీ ఉంది, పుట్టిన ఊరు ఉంది, పుట్టించిన మాస్టారు ఉన్నారు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. ఆయన ఒకప్పుడు హైస్కూల్ మధ్యలో మానేసిన కుర్రాడని తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు.

అమ్మానాన్న లేని పిల్లవాడు

జేమ్స్ 1861 నవంబర్ 6న కెనడాలోని ఒంటారియోలో, ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులది స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. 1870లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. టైఫాయిడ్ జ్వరంతో తండ్రి, తల్లి కొద్ది వారాల తేడాలో చనిపోయారు. అప్పటికి జేమ్స్‌కు తొమ్మిదేళ్ళు. మొదట అమ్మమ్మ చేరదీసింది. ఆ తర్వాత పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మేనమామ పీటర్ పెంచాడు.

మేనమామది వ్యవసాయం. మేనల్లుడికి కూడా పొలం పనులు అప్పగించేవాడు. చలికాలంలో మంచు, ఎండాకాలంలో పంట పనులు, మధ్యలో ఒకే గది ఉన్న పల్లెటూరి బడి. చదువులో జేమ్స్ ముందు వరసలో ఉండే పిల్లవాడు కాదు. కానీ సాయంత్రం బడి వదలగానే పిల్లలంతా చేరే చోట అతను తప్పకుండా ఉండేవాడు.

అక్కడ ఆడే ఆటల్లో ఒకటి మీకు గుర్తుండాలి. ఒక పెద్ద బండ మీద చిన్న రాయి పెడతారు. దాన్ని బాతు అంటారు. ఒకడు దానికి కాపలా. మిగతావాళ్ళు గీత అవతల నిలబడి తలా ఒక రాయి విసిరి ఆ బాతును పడగొట్టాలి. గురి తప్పితే కాపలావాడు ముట్టుకునేలోపు పరుగెత్తి మన రాయి మనం తెచ్చుకోవాలి. ఏడు పెంకులాట ఆడినవాళ్ళకు ఇందులోని మజా ఇట్టే తెలుస్తుంది. బలం కొద్దీ విసిరితే రాయి ఎక్కడికో పోతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతాం. మెల్లగా, పైకి వంపుగా వేస్తే రాయి బండ దగ్గరే పడుతుంది, మనం తప్పించుకుంటాం. ఈ ఆటలో బలవంతుడికంటే నేర్పున్నవాడే గెలుస్తాడు. తొమ్మిదేళ్ళ వయసులో నేర్చుకున్న ఈ చిన్న సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా అక్కరకొచ్చిందో ముందు ముందు చూస్తారు.

మానేసి, మళ్ళీ వెళ్ళి

సుమారు పదిహేనేళ్ళ వయసులో జేమ్స్ హైస్కూల్ మానేశాడు. అడవుల్లో చెట్లు కొట్టే పనికి వెళ్ళాడు. పెద్దవాళ్ళతో సమానంగా గొడ్డలి పట్టాడు. కొన్నేళ్ళు అలాగే గడిచాయి.

ఆ తర్వాత అతను తీసుకున్న నిర్ణయం ఈ కథలో మొదటి మలుపు. దాదాపు ఇరవై ఏళ్ళ వయసులో, తనకంటే ఎంతో చిన్నవాళ్ళయిన పిల్లలు కూర్చునే తరగతికి తిరిగి వెళ్ళాడు. ఎంత మొహమాటంగా ఉండి ఉంటుందో ఊహించండి. ఆగిన చోట నుంచే మొదలుపెట్టి హైస్కూల్ పూర్తిచేశాడు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

ఒక సంవత్సరం పోతేనే పిల్లల భవిష్యత్తు పోయినట్టు మనం కంగారుపడతాం. ఈయనకు పోయింది ఒక ఏడాది కాదు, చాలా ఏళ్ళు. అయినా చదువు ఆయన కోసం ఆగే ఉంది.

చదువా, ఆటా?

నైస్మిత్ క్రైస్తవ మత బోధకుడు కావాలనుకున్నారు. ఇంట్లోవాళ్ళ ఆశ కూడా అదే. మెక్‌గిల్‌లో మొదట్లో పుస్తకాలు తప్ప వేరే లోకం లేదు. ఇలా చదువుతూ కూర్చుంటే ఒళ్ళు పాడవుతుంది, కాస్త వ్యాయామశాలకు రమ్మని స్నేహితులు పోరు పెట్టారు. వెళ్ళారు. ఇక వదల్లేదు. ఫుట్‌బాల్, రగ్బీ, లాక్రోస్, జిమ్నాస్టిక్స్ అన్నిటిలోనూ పేరు తెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో అక్కడ కూడా చాలామంది పెద్దలకు ఆటలంటే చిన్నచూపు. మత బోధకుడు కాబోయేవాడు బురదలో పడి ఫుట్‌బాల్ ఆడటమేమిటని అనేవారు. ఒకనాడు మైదానంలో పక్కనున్న ఆటగాడు కోపంతో బూతుమాట అన్నాడు. పక్కన నైస్మిత్ ఉన్నారని చూసి వెంటనే క్షమించమన్నాడు. నైస్మిత్ అతన్ని ఎప్పుడూ తిట్టింది లేదు, నీతులు చెప్పింది లేదు. తన పాటికి తాను గట్టిగా, నిజాయితీగా ఆడారు, అంతే. మనుషులను మంచివైపు తిప్పడానికి వేదిక ఎక్కి మాట్లాడటమొక్కటే దారి కాదని, మైదానం కూడా ఒక దారేనని ఆయనకు ఆ రోజు తోచింది.

మత విద్య పూర్తిచేసి కూడా, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వ్యాయామ విద్య కోసం వెళ్ళారు. ఈ నిర్ణయం ఆయన అక్క ఆనీకి నచ్చలేదు. అమ్మానాన్న పోయాక కలిసి పెరిగిన అక్క మనసు కష్టపెట్టి వెళ్ళడం తేలికైన పని కాదు. ఆయన పేరు దేశదేశాలు తెలిసిన తర్వాత కూడా ఆమె అసంతృప్తి పూర్తిగా పోలేదంటారు.

తప్పు ఎవరిది?

1891 శీతాకాలం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బయట మంచు. ఫుట్‌బాల్ రోజులు అయిపోయాయి, బేస్‌బాల్ రోజులు ఇంకా రాలేదు. ఆ మధ్య నెలల్లో విద్యార్థులకు హాల్లోనే కవాతు, డ్రిల్లు, చేతులూ కాళ్ళూ ఊపే కసరత్తులు. రోజూ అవే.

అక్కడ పద్దెనిమిది మంది ఉన్న ఒక తరగతి ఉంది. అందరూ ఎదిగిన యువకులు. ఆ డ్రిల్లంటే వాళ్ళకు ఒళ్ళుమంట. చెప్పిన మాట వినరు, వెక్కిరిస్తారు. ఇద్దరు మాస్టార్లు వాళ్ళతో వేగలేక వదిలేశారు. వీళ్ళు మొండివాళ్ళు, బాగుపడరు అని ముద్ర పడిపోయింది.

మాస్టార్ల సమావేశంలో ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడు నైస్మిత్ ఒక మాట అన్నారు. తప్పు ఆ కుర్రాళ్ళలో లేదు, మనం వాళ్ళకిస్తున్న పనిలో ఉంది అని ఆ మాట సారాంశం. విభాగం పెద్ద లూథర్ గ్యూలిక్ వెంటనే ఆ తరగతిని నైస్మిత్‌కే అప్పగించారు. చలికాలంలో హాల్లో ఆడుకోగలిగే కొత్త ఆట ఒకటి తయారుచేయమన్నారు. గడువు పద్నాలుగు రోజులు.

మాట అనడం తేలిక. చేసి చూపించాల్సి వచ్చినప్పుడు తెలిసింది కష్టం. నైస్మిత్ మొదట తెలిసిన ఆటలనే హాల్లోకి తెచ్చారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పడదోయడం తగ్గించి ఆడించారు, కుదరలేదు. సాకర్ ఆడిస్తే బంతి కిటికీల మీదికి పోయింది. లాక్రోస్ ఆడిస్తే చేతులకూ మొహాలకూ దెబ్బలు తగిలాయి. రోజులు అయిపోతున్నాయి. తరగతి మళ్ళీ విసుక్కుంటోంది. రెండు వారాల గడువు పూర్తి కావస్తున్నా చేతిలో ఏమీ లేదు. ఓడిపోయానని గ్యూలిక్‌కు చెప్పడం తప్ప దారి కనిపించలేదు.

అప్పుడు ఆయన ఆటలు వెతకడం మానేసి, ఆటలను విప్పి చూడటం మొదలుపెట్టారు. పిల్లలకు ఈ భాగం ప్రత్యేకంగా చదివి వినిపించండి, ఎందుకంటే లెక్క చేయడం కూడా ఇలాంటిదే.

హాల్లో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? ఒకరినొకరు పడదోసుకోవడం వల్ల. ఎందుకు పడదోస్తున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపడానికి. అయితే బంతి పట్టుకుని పరుగెత్తకూడదంటే? పడదోయాల్సిన అవసరమే ఉండదు. బంతి దొరికినవాడు అక్కడే ఆగి, ఇంకొకరికి అందించాలి. సగం చిక్కు విడిపోయింది.

ఇక గోలు. నేల మీద నిలువుగా గోలు ఉంటే బలంగా కొట్టినవాడిదే గెలుపు, దెబ్బలు తప్పవు. ఇక్కడే ఊళ్ళో ఆడిన బాతురాయి ఆట గుర్తొచ్చింది. బంతిని మెల్లగా, వంపుగా వేయాల్సి వస్తే? గోలు పైకి నోరు తెరిచి ఉంటే బంతి పైనుంచే పడాలి. దాని చుట్టూ మనుషులు గోడ కట్టకుండా తలలకంటే ఎత్తులో పెడితే సరి.

1891 డిసెంబర్ 21

మర్నాడు పొద్దున్నే బిల్డింగ్ సంరక్షకుడు స్టెబిన్స్‌ను రెండు పెట్టెలు కావాలని అడిగారు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ళ బుట్టలు రెండున్నాయని అతను తెచ్చిచ్చాడు. హాలు చుట్టూ ఉన్న బాల్కనీ కింది అంచుకు చెరో వైపు ఒక బుట్ట మేకులతో కొట్టారు. ఆ అంచు నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉంది. ఈ రోజు ప్రపంచమంతా బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తులో ఉండటానికి కారణం ఆ బాల్కనీయే.

పదమూడు నియమాలు రాసి, టైపు చేయించి నోటీసుబోర్డుకు పెట్టారు. బంతిని ఒక చేత్తోగానీ రెండు చేతులతోగానీ ఏ వైపైనా వేయవచ్చు. పిడికిలితో గుద్దకూడదు. బంతితో పరుగెత్తకూడదు. భుజంతో తోయడం, పట్టుకోవడం, కాలు అడ్డం పెట్టడం తప్పు. రెండోసారి తప్పు చేస్తే తర్వాతి గోలు పడేదాకా బయట కూర్చోవాలి. పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. నియమాల్లో ఎక్కువ భాగం తోటి ఆటగాడికి దెబ్బ తగలకుండా చూడటానికే ఉన్నాయని గమనించండి.

తరగతి వచ్చింది. కుర్రాళ్ళలో ముందుండి అల్లరి చేసే ఫ్రాంక్ మహాన్ బుట్టల వైపు చూసి, మళ్ళీ ఇంకో కొత్త ఆటా అని నిట్టూర్చాడు. నైస్మిత్ గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందో! జట్టుకు తొమ్మిది మంది చొప్పున విడదీసి, సాకర్ బంతిని పైకి ఎగరేశారు.

ఆ రోజు మొత్తానికి పడింది ఒకే ఒక్క గోలు. విలియం చేస్ అనే విద్యార్థి దాదాపు ఇరవై ఐదు అడుగుల దూరం నుంచి వేశాడు. బుట్టకు అడుగు ఉంది కాబట్టి బంతిని తీయడానికి నిచ్చెన కావాల్సి వచ్చింది. కానీ డ్రిల్లంటే పారిపోయే కుర్రాళ్ళు ఈ ఆటను వదిలిపెట్టలేదు. కొద్ది రోజుల్లో చూడటానికి జనం బాల్కనీకి చేరడం మొదలైంది.

గోడ మీది నియమాల కాగితాలు ఒకరోజు మాయమయ్యాయి. తీసుకుపోయింది మహానే. ఈ ఆట పెద్దదవుతుందని అతనికి తోచి గుర్తుగా దాచుకున్నాడట. తర్వాత తనే తెచ్చి మాస్టారికి ఇచ్చేశాడు. ఆటకు నైస్మిత్ బాల్ అని పేరు పెడదామని కూడా అతనే అన్నాడు. ఆ పేరు పెడితే ఆట బతకదని మాస్టారు నవ్వేశారు. అయితే బుట్ట ఉంది, బంతి ఉంది, బాస్కెట్‌బాల్ అందామన్నాడు మహాన్. అలా, బాగుపడడని ముద్ర పడిన కుర్రాడు పెట్టిన పేరు ఈ రోజు లోకమంతా పలుకుతోంది.

ఆట పెరిగింది, మాస్టారు మాస్టారుగానే ఉన్నారు

1892 జనవరిలో పాఠశాల పత్రికలో నియమాలు అచ్చయ్యాయి. ఆ పాఠశాలలో చదివినవాళ్ళు ఎక్కడికి ఉద్యోగాలకు వెళితే అక్కడికి ఆటను తీసుకెళ్ళారు. మొదటి ఆట ఆడిన పద్దెనిమిది మందిలో ఒకరైన డంకన్ పాటన్ 1894లో మన దేశానికి తెచ్చారు. దగ్గర్లోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు తొలి ఏళ్ళలోనే అమ్మాయిలకు ఈ ఆట నేర్పారు. నైస్మిత్ పెళ్ళి చేసుకున్న మాడ్ షెర్మన్ కూడా తొలితరం క్రీడాకారిణే. కాబట్టి ఇది అబ్బాయిల ఆట అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, అమ్మాయిలు మొదటి నుంచీ ఆడుతున్నారని చెప్పండి.

నైస్మిత్ డెన్వర్‌లో పనిచేస్తూ వైద్యం చదివి, 1898లో డాక్టరయ్యారు. అదే ఏడాది కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వ్యాయామ విద్య బాధ్యతల మీద వెళ్ళి, జీవితమంతా ఆ ఊళ్ళోనే ఉన్నారు. అక్కడి జట్టుకు తొలి కోచ్ ఆయనే. 1907 వరకు ఆయన జట్టు 55 మ్యాచ్‌లు గెలిచింది, 60 ఓడింది. ఆటను తయారుచేసిన మనిషికే గెలుపులకంటే ఓటములు ఎక్కువ! ఆయన అది పెద్దగా పట్టించుకోలేదు. ఆటను ఆయన గెలుపు కోసం తయారుచేయలేదు, మనుషుల ఒళ్ళూ మనసూ బాగుండటానికి తయారుచేశారు.

1930లలో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్‌లో చేరాడు. రంగు కారణంగా అతనికి విశ్వవిద్యాలయం జట్టులో చోటు లేదు. అప్పటికి డెబ్బై దాటిన నైస్మిత్ అతనికి సలహాదారుగా ఉండి, కోచింగ్ నేర్చుకునే దారి చూపారు. మెక్‌లెండన్ తర్వాత అమెరికాలోని గొప్ప కోచ్‌లలో ఒకరయ్యారు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పతకాల పోటీగా చేరింది. వెళ్ళడానికి నైస్మిత్ దగ్గర డబ్బు లేదు. అమెరికా కోచ్‌లు చందాలు పోగుచేసి పంపారు. పీచ్ బుట్టలతో మొదలైన ఆటకు ఇరవైకి పైగా దేశాల జట్లు రావడం ఆయన కళ్ళారా చూశారు. ఫైనల్ బయట మట్టి కోర్టులో, వానలో జరిగింది. ఆయన పుట్టిన కెనడా మీద, స్థిరపడిన అమెరికా 19-8తో గెలిచింది.

1939 నవంబర్ 28న నైస్మిత్ కన్నుమూశారు. ఆటకు పేటెంట్ తీసుకోలేదు. దాని మీద చెప్పుకోదగ్గ డబ్బు సంపాదించలేదు. మహాన్ తిరిగి తెచ్చిచ్చిన ఆ నియమాల కాగితాలు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

ఇక మీ ఇంట్లో

పిల్లలకు ఆట మొదలుపెట్టించేటప్పుడు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

బంతి సైజు: పన్నెండేళ్ళలోపు పిల్లలకు 5వ సైజు, పెద్ద అమ్మాయిలకు 6వ సైజు, పెద్ద అబ్బాయిలకు 7వ సైజు. ఎదుగుతాడు కదా అని పెద్ద బంతి కొనకండి. చేతికి అందని బంతితో తప్పు అలవాట్లు పడతాయి.

ఎత్తు: చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పది అడుగులకు వేయలేకపోతే అది పిల్లల లోపం కాదు. ఇంటి దగ్గర గోడ మీద సుద్దముక్కతో గుండ్రం గీసినా, ప్లాస్టిక్ బుట్ట కట్టినా చాలు.

మొదటి పాఠం: బుట్టలో వేయడం కంటే ముందు అందించడం, అందుకోవడం నేర్పండి. మీరు, పిల్లలు ఐదారు అడుగుల దూరంలో నిలబడి రెండు చేతులతో ఛాతీ ఎత్తులో బంతి మార్చుకోండి. తర్వాత నిలబడిన చోటే వేళ్ళతో బంతిని నేలకు కొట్టడం, ఒక చేయి అయ్యాక ఇంకో చేయి. రోజూ పదిహేను నిమిషాలు చాలు. సిమెంటు నేల మీద బూట్లు వేయించండి, మంచినీళ్ళు దగ్గర ఉంచండి.

నాలుగోది మార్కుల సంగతి. ఎన్ని వేశావు, ఎవరు గెలిచారు అని ఇంటికి రాగానే అడగకండి. ఎవరితో ఆడావు, బాగుందా అని అడగండి.

చివరిగా ఒక మాట. మీ పిల్లలు ఒకచోట కూర్చోరని, మాట వినరని మేమెప్పుడైనా డైరీలో రాసి పంపి ఉండవచ్చు. మీరూ అదే అనుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు మీరూ మేమూ కలిసి, ఆ మాస్టారు 1891లో వేసుకున్న ప్రశ్న వేసుకుందాం. తప్పు పిల్లల్లో ఉందా, మనం వాళ్ళకిస్తున్న పనిలో ఉందా? వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు గురించి అడిగాక, మా పిల్లల ఆటల పీరియడ్ ఆటలకే ఇస్తున్నారా అని కూడా మమ్మల్ని తప్పకుండా అడగండి.